నాలుగు వేళ్ళ సందు

గోడలకి చెవులుంటాయని అందరూ అంటారు గానీ, కిటికీలకి కళ్ళుంటాయని ఎవరూ అనరు. ఆ సంగతి పూర్తిగా తెలిసిన మనిషి ఆ పేట మొత్తానికి ఒక్కతే. ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె మసకమ్మే. కిటికీ అద్దాలకి మసక ఫిల్ము అంటించడం ఆమె పని.

పరదాలు పడనివాళ్ళు మనం అనుకునేదానికన్నా ఎక్కువమందే ఉన్నారు. కొందరికి దుమ్ము పడదు. కొందరికి చీకటి పడదు. కొందరికి నెలకోసారి విప్పి, ఉతికి, ఆరేసి, మళ్ళీ కొక్కేలకి తగిలించే ఓపిక ఉండదు. ఒకాయన ఇంట్లో పిల్లి పరదా పట్టుకుని పైదాకా ఎక్కేసి, దిగడం చేతగాక అరిచేది. వీళ్ళందరికీ పరదా అక్కర్లేదు, పరువు మాత్రం కావాలి. అలాంటివాళ్ళు మసకమ్మకి ఫోను చేస్తారు. ఆమె భుజానికి సంచీ, చంకలో ఫిల్ము చుట్ట పెట్టుకుని వస్తుంది. సంచీలో సబ్బు నీళ్ళు చిమ్మే సీసా, నీళ్ళు లాగే రబ్బరు పట్టీ, బ్లేడు, కొలిచే టేపు, పొడిగుడ్డ, గాజు మీద గీసే మైనపు పెన్సిలు ఉంటాయి. అంతకు మించి ఏమీ ఉండదు.

వచ్చీ రాగానే టేపు తీసి కొలవడం ఆమె అలవాటు కాదు. ముందు ఆ ఇంటివాళ్ళు రోజూ కూర్చునే చోట తనూ కూర్చుంటుంది. కూర్చుని ఒకటే అడుగుతుంది.

"ఎవరి కంట పడకూడదు?"

ఇంటివాళ్ళు ఇబ్బందిగా నవ్వుతారు. "ఒకరనేముంది, ఎవరి కంటా పడకూడదు" అంటారు.

"అందరూ మీ ఇంట్లోకి చూడరండీ. ఎవరి పనులు వాళ్ళకుంటాయి. చూసేవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళ కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో చెప్పండి, అంతవరకు మూసేస్తా. మిగతాది వెలుతురుకి వదిలేద్దాం."

అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. ఆమె గదికి సరిగ్గా పైన ఉండే లెక్కల మేష్టారు తనతో తనే చదరంగం ఆడుకుంటాడు. రెండు వైపులా తనే ఆడినా ఎందుకో ఎప్పుడూ తెల్లపావుల పక్షాన ఉండి ఓడిపోతాడు. ఆ ఓటమి ఎదురు మేడలో ఎవరూ చూడకూడదని ఆయన కోరిక. మసకమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల ఎత్తు చూసి, సగం కిటికీకి మసక వేసింది. ఆయన కూర్చుంటే లోకానికి కనపడడు, నిలబడితే లోకం ఆయనకి కనబడుతుంది. అలాంటి పనితనం ఆమెది.

ఊరందరి కిటికీలూ మూసే ఆ మనిషి సొంత గదికి ఒక్కటే కిటికీ. దానికి మసకా లేదు, పరదా లేదు, పాత దినపత్రిక ముక్క కూడా లేదు. ఎవరైనా అడిగితే "తీరిక దొరకట్లేదండీ" అనేది. తీరికకేం, బోలెడంత ఉంది. ఆ కిటికీకి ఎదురుగా, సన్నటి సందుకి అవతల, రెండో అంతస్తులో ఇంకో కిటికీ ఉంది. అందులో పిచ్చుక ఉంటుంది.

పిచ్చుక అంటే పక్షి కాదు, తొమ్మిదేళ్ళు దాటిన పిల్ల. మసకమ్మకి అక్క కూతురు. కడుపున పుట్టకపోయినా, ఎనిమిదేళ్ళు ఈమె పక్కలోనే పెరిగింది.

పిల్లకి ఎనిమిదో నెల రాగానే అక్కకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. పక్కవాళ్ళకి అంటుకునే రకం. పసిపిల్లని ఆ గాలికి కూడా రానివ్వొద్దన్నారు డాక్టర్లు. ఇక బావ సంగతి చెప్పుకోవడానికేమీ లేదు. జబ్బు పేరు వినగానే చెప్పులేసుకున్న మనిషి ఇప్పటిదాకా విప్పలేదు. అప్పుడు అక్క మంచం వీధిగదిలో ఉండేది. దారిన పోయేవాళ్ళు ఆ కిటికీ దగ్గరికి రాగానే నడక తగ్గించి, లోపలికి చూసి, నాలుక చప్పరించి మరీ పోయేవాళ్ళు. "చూట్టానికి నేనేమన్నా సినిమానా" అని అక్క గోడవైపు తిరిగి పడుకునేది. పరదా కడదామంటే గుడ్డలో దుమ్ము చేరుతుంది, ఆ ఊపిరితిత్తులకి దుమ్ము విషం. చెల్లెలు అప్పట్లో కాగితాల కొట్లో పని చేసేది. కొట్లోంచి బటర్ పేపరు తెచ్చి, మైదాపిండి ఉడకబెట్టి, ఆ జిగురుతో అద్దం నిండా అంటించింది. వెలుతురు లోపలికొచ్చింది, చూపులు బయటే ఆగిపోయాయి. ఆ పూట అక్క ఇటు తిరిగి పడుకుంది.

అది చూసి పక్కింటివాళ్ళు తమకీ అలా చేసిపెట్టమన్నారు. తర్వాత ఆ పక్కవాళ్ళు అడిగారు. అలా అక్క జబ్బు చెల్లెలికి బతుకుతెరువు అయింది.

తర్వాత అక్కని దూరంగా కొండమీద ఆసుపత్రికి పంపారు. మూడేళ్ళు జబ్బుతో పోయాయి. మిగతా అయిదేళ్ళూ అది మళ్ళీ తిరగబెడుతుందేమో, పిల్లకి అంటుతుందేమో అన్న భయంతో పోయాయి. అక్క ఆ ఆసుపత్రిలోనే ఏదో చిన్న ఉద్యోగం చేసుకుంటూ అక్కడే ఉండిపోయింది. ఇక్కడ పిల్ల పాకింది, నడిచింది, పళ్ళు ఊడగొట్టుకుంది, బడికి వెళ్ళింది. మాటలు వచ్చే రోజుల్లో ఒకసారి పిన్ని మెడ చుట్టూ చేతులేసి "అమ్మా" అంది. మసకమ్మ పిల్ల పెదాల మీద వేలు పెట్టి, గోడ మీది ఫొటో చూపించి, "అమ్మ అదిగో. నేను పిన్ని. ఏదీ, పిన్ని అను" అని దిద్దింది. ఒక్కసారి కాదు, చాలాసార్లు దిద్దాల్సి వచ్చింది. దిద్దిన ప్రతిసారీ ఆ రోజు అన్నం గొంతు దిగేది కాదు.

కిందటేడు అక్క ఆరోగ్యంగా తిరిగొచ్చింది. మసకమ్మ పెంచిన చేతులతోనే పిల్లని అప్పగించింది. ఎదురు మేడలో ఇల్లు వెతికి పెట్టిందీ తనే. బడి మారక్కర్లేదని అందరితో చెప్పింది. కళ్ళెదుటే ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరితోనూ చెప్పలేదు. ఎంత పెద్ద మనసమ్మా అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళేవీ ఆమె పక్కలో ఖాళీ అయిన చోటుని నింపలేదు.

కానీ సాయంత్రాలుండేవి. పని నుంచి వచ్చి మసకమ్మ లైటు వెయ్యగానే ఎదుటి కిటికీలో పిచ్చుక వాలేది. సందు ఎంత సన్నమైనా అరిస్తే పేటంతా వింటుంది కాబట్టి చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. పిల్ల నోటుపుస్తకం ఎత్తి మార్కులు చూపించేది. పిన్ని దువ్వెన ఎత్తి, తల దువ్వుకున్నావా అని కళ్ళతో అడిగేది. పిల్ల జడ ముందుకేసుకుని మొహం చిట్లించేది. అమ్మ జడ గట్టిగా లాగేస్తుందని దానర్థం. ఆ అరగంట కోసమే మసకమ్మ పగలంతా నిచ్చెనలెక్కేది.

అలా ఉండగా ఒక మంగళవారం మధ్యాహ్నం, పని లేని పూట, అక్క ఒంటరిగా చెల్లెలి గదికి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా మంచం మీద కూర్చుంది. తర్వాత ఆ ఒట్టి కిటికీ వైపు, దాని అవతల తన కిటికీ వైపు చూసింది.

"చిన్నీ, నీతో ఓ పనుంది. తప్పుగా అనుకోకు."

"చెప్పక్కా."

"మా కిటికీకి మసక వెయ్యాలి."

మసకమ్మ ఏ కిటికీకని అడగలేదు. వీధివైపు అక్క ఇంటికి ఉన్నది అదొక్కటే.

"అది నాతో బాగానే ఉంటుంది. సాయంత్రం దాకా ఉంటుంది. నీ లైటు వెలిగిందా, ఇక అంతే. ఇంట్లోనే ఉంటుంది కానీ ఉండదు. అన్నం అక్కడికే తెమ్మంటుంది. నేను పిలిస్తే ఎవరో కొత్తవాళ్ళు పిలిచినట్టు చూస్తుంది. ఏడాదైంది చిన్నీ. నేనింకా దానికి చుట్టాన్నే. గుడ్డ పరదా నాకు పనికిరాదని నీకు తెలుసు. అటునించి ఇటు, ఇటునించి అటు ఏమీ కనపడకుండా చెయ్యి. కొన్నాళ్ళపాటే అనుకో. వేరేవాళ్ళతో చేయించుకోవచ్చు. కానీ నీకు చెప్పకుండా చేయిస్తే అది ఇంకా పాపం."

కాదనడానికి మసకమ్మకి నోరు లేక కాదు. అక్క చెప్పినదాంట్లో తప్పేముందో వెతికితే ఒక్కటీ దొరకలేదు.

"రేపు పిల్ల బడికెళ్ళాక వస్తా" అంది.

మర్నాడు ఆమె చంకలో రెండు చుట్టలున్నాయి. ఒకటి మామూలు మసక ఫిల్ము. రెండోది అద్దం ఫిల్ము, ఆఫీసుల వాళ్ళు వేయించుకునేది. దాని గుణం ఆ పనిలో ఉన్నవాళ్ళకే బాగా తెలుస్తుంది. వెలుతురు ఎటు ఎక్కువుంటే అటువాళ్ళకి అది అద్దం, చీకట్లో ఉన్నవాళ్ళకి ఒట్టి గాజు. పగలు బయటివాళ్ళు చూస్తే ఆకాశం కనిపిస్తుంది. సాయంత్రం లోపల లైటు వేస్తే అంతా తిరగబడుతుంది. లోపలివాళ్ళకి తమ మొహమే కనిపిస్తుంది, బయట చీకట్లో నిలబడ్డవాళ్ళకి ఇల్లంతా కనిపిస్తుంది. అందుకే ఇళ్ళకి ఆ ఫిల్ము అడిగితే మసకమ్మ కుండ బద్దలు కొట్టినట్టు వద్దనేది. "పగలు పరువు, రాత్రి బజారు" అని చెప్పి పంపేసేది.

ఆ చుట్ట ఎందుకు తెచ్చిందో మెట్ల మీద కూడా తనకి తను చెప్పుకోలేదు.

అక్క కుర్చీ జరిపింది. "అందర్నీ అడుగుతావటగా, ఎవరి కంట పడకూడదని. నన్నడగవా?"

"తెలిసిందేగా అక్కా."

అద్దం తుడిచి, సబ్బు నీళ్ళు చిమ్మాక ఆమె చెయ్యి రెండో చుట్ట మీదికే వెళ్ళింది. "మసకది వేస్తే వెలుతురు తగ్గుతుంది. పిల్ల ఇక్కడే చదువుకుంటుందిగా. ఇది వేస్తా" అంది.

పని అయ్యాక అక్క కిందికి దిగి వీధిలోంచి చూసింది. అద్దంలో మబ్బులు కదులుతున్నాయి తప్ప ఇంకేమీ కనపడలేదు. పైకొచ్చి, కిటికీలోంచి అటు చూసింది.

"నీ గది కనపడుతూనే ఉందిగా?"

"ఇప్పుడు కనపడుతుంది. పగలు పిచ్చుక బడిలోనే ఉంటుందిగా. సాయంత్రం లైటు వేశాక చూడు, ఏమీ కనపడదు. అద్దంలా అయిపోయి మీరే కనపడతారు."

ఇందులో ఒక్క అబద్ధమూ లేదు. అబద్ధం ఆడకుండానే అక్కని మోసం చేసింది.

ఆ సాయంత్రం మసకమ్మ లైటు వెయ్యలేదు. చీకట్లో కిటికీకి అడుగు దూరంలో కుర్చీ వేసుక్కూర్చుంది. ఎదుట లైటు వెలిగింది. మొత్తం ఇల్లు, బల్ల, గోడగడియారం, స్కూలు సంచీ, మధ్యలో పిచ్చుక. ఇంతకు ముందు కన్నా ఎక్కువే కనబడింది. పిల్ల గబగబా కిటికీ దగ్గరికొచ్చి ఆగిపోయింది. అద్దంలో తన మొహం చూసుకుంది. నాలుక బయటపెట్టింది. అటు తిరిగి తల్లిని ఏదో అడిగింది. గుడ్డికన్నా మెల్ల మేలు అనుకుంది మసకమ్మ. పిల్ల నన్ను చూడకపోతే ఏం, నేను చూస్తున్నాగా అనుకుని మనసుకి జోల పాడుకుంది.

మూడో సాయంత్రం నుంచి అక్క ఒక పీట తెచ్చి కిటికీ దగ్గరే వేసి, పిల్లని కూర్చోబెట్టి అక్కడే జడ వేయడం మొదలుపెట్టింది. అద్దం కుదిరింది కదా, అందుకే కాబోలు అనుకుంది మసకమ్మ. అక్కకి జడ వేయడం రాదు. మొదటి అల్లిక కొండలా, చివరిది దారంలా వచ్చేది. "మధ్య పాయ వదులు, ఇంకాస్త వదులు" అని చీకట్లో గొణిగేది చెల్లెలు. ఒళ్ళో ఆమె చేతులు వాటంతటవే మూడు పాయలు అల్లుతుండేవి. ఆరో రోజో ఏడో రోజో పిల్ల జడ పూర్తయ్యాక లేవలేదు. వెనక్కి వాలి తల్లి పొట్ట మీద తల ఆనించింది. అక్క కదలకుండా నిలబడింది, ఊపిరి తీస్తే పిల్ల లేచిపోతుందేమో అన్నట్టు. మసకమ్మకి సంతోషమే కలిగింది. ఆ సంతోషం గుండెల్లో ఎక్కడో మంట కూడా పెట్టింది. రెండూ నిజమే కాబట్టి రెండూ చెప్పుకోవాలి.

తొమ్మిదో సాయంత్రం ఆమె ఊహించనిది జరిగింది. అక్క వంటగదిలోకి వెళ్ళగానే పిల్ల కిటికీ దగ్గరికొచ్చి, రెండు అరచేతులూ కళ్ళకి అటూ ఇటూ దోనెలా పెట్టుకుని అద్దానికి మొహం ఆనించింది. అలా లోపలి వెలుతురుకి అడ్డం పెడితే అద్దం ఫిల్ము కూడా ఓడిపోతుంది, బయటిది కనిపిస్తుంది. పిల్ల ఎలా కనిపెట్టిందో ఏమో! పన్నెండడుగుల దూరంలో ఆ రెండు కళ్ళు సూటిగా మసకమ్మ కిటికీలోకి చూస్తున్నాయి. వాటికి చీకటి గది తప్ప ఏమీ కనిపించడం లేదు. లేచి లైటు వేస్తే చాలు. వేస్తే తను రోజూ ఇక్కడే ఉందని, చీకట్లో కూర్చుని చూస్తోందని తెలిసిపోతుంది. ఆమె లేవలేదు. పిల్ల ముక్కు అద్దం మీద నొక్కుకుని తెల్లబడింది. చాలాసేపు చూసి, చేతులు దించి, దువ్వెన తీసి ఒకసారి పైకెత్తి చూపించి, వెళ్ళిపోయింది.

కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూడడం అంటే ఏమిటో మసకమ్మకి తెలుసు. ఆ చూపు తన వైపే తిరగడం మాత్రం అదే మొదటిసారి.

ఇక రెండు రోజులకి మెట్ల మీద మేష్టారు ఎదురయ్యాడు. చేతిలో పాల ప్యాకెట్టు.

"మీ అక్కగారు జడ బాగా నేర్చుకున్నారమ్మా. మొదట్లో తాడు పేనినట్టుండేది. ఇప్పుడు చక్కగా వస్తోంది" అన్నాడు మెచ్చుకుంటూ.

"మీకెలా తెలుసండీ?"

"నిలబడి టీ తాగుతుంటే కనబడుతుందిగా. సాయంత్రం ఆ ఇల్లు మొత్తం బొమ్మల కొలువులా కనబడుతుందమ్మా. నేను చూడాలని చూడను. ఆట ఓడిపోయినప్పుడు మనసు మళ్ళించుకోవడానికి అంతే."

మేష్టారు పైకి వెళ్ళిపోయాడు. మసకమ్మ రెయిలింగు పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా, మింగనూ లేక కక్కనూ లేక అక్కడే నిలబడింది. వీధి చూపులకి జడిసి గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని, తన చేతులతోనే తీసుకెళ్ళి వీధిలో కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి పని ఏ పరాయి ఇంటికీ చెయ్యలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మసక చుట్ట, సంచీ తీసుకుని అక్క ఇంటి తలుపు కొట్టింది. పిచ్చుక తీసింది. తీయగానే పిన్ని నడుం చుట్టుకుంది.

"ఊరెళ్ళావా పిన్నీ? నీ లైటే వెలగట్లేదు!"

"ఊరెళ్ళలేదమ్మా" అంది మసకమ్మ.

"నువ్వెళ్ళి కింద కొట్లో అరడజను గుడ్లు పట్రా. పిన్ని ఇక్కడే తింటుంది" అని అక్క పిల్లని పంపేసింది. తలుపు మూశాక చెల్లెలి చేతిలో చుట్ట వైపు చూసింది. "ఏంటది?"

"ఆ ఫిల్ముకి బుడగలొచ్చాయి. మారుద్దామని."

"బుడగలెక్కడే? అద్దంలా ఉందిగా."

మసకమ్మ సంచీ కింద పెట్టింది. "అక్కా, నేను నిన్ను మోసం చేశా. లైటు వేస్తే మీరు నాకు కనబడతారు. మొత్తం కనబడతారు. తెలిసే వేశా. రోజూ చీకట్లో కూర్చుని చూస్తున్నా. నాకే కాదు, పైన మేష్టారికి కూడా..."

"రెండో రోజే తెలుసు" అంది అక్క.

మసకమ్మ తలెత్తింది.

"చెత్త పారేయడానికి కిందికి దిగా. ఎందుకో తలెత్తి చూశా. నా ఇల్లే, కొట్లో సామాను పెట్టినట్టు కనబడింది. నీ గదేమో చీకటి. నువ్వు పని మానేసి ఊళ్ళు తిరిగే మనిషివి కాదుగా, అర్థమైంది."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదూ! నీ జుట్టు పట్టుకుందామనుకునే మీ మేడ మెట్లెక్కా. రెండంతస్తులు. నేను ఎక్కేసరికి ఎంతసేపు పడుతుందో తెలుసుగా. మొదటి అంతస్తులోనే కోపం అయిపోయింది, ఆయాసం మిగిలింది." అక్క నవ్వబోయింది, కుదరలేదు. "అక్కడ మెట్ల మీద కూర్చుని ఆలోచించా. ఎనిమిదేళ్ళు దాన్ని చూడకుండా ఉన్నా చిన్నీ. చూడకపోవడం ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అది తెలిసీ నీ కళ్ళు మూయమని నీకే చెప్పా. నువ్వు చేసింది మోసమే. నేను చేసిందేంటి మరి?"

"నువ్వు తల్లివి అక్కా."

"నోర్మూసుకో. పిన్నిని అమ్మా అంటే మూతి మీద వేలు పెట్టేదని మొన్న పిచ్చుక చెప్పింది. నా ఫొటోకి దణ్ణం పెట్టించినంత పని చేసేదానివట." అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "అందుకే మూడో రోజు నించి జడ కిటికీ దగ్గర వేస్తున్నా. ముందు వంటగదిలో వేసేదాన్ని. నీకు బాగా కనపడాలని పీట కూడా జరిపా. ఇంకా వదులుగా వెయ్యాలా?"

మసకమ్మకి ఏడుపు ఆగలేదు. "మధ్య పాయ ఒక్కటే... అది వదులుగా పట్టుకోవాలి" అంది ఏడుస్తూనే.

తర్వాత లేచి సబ్బు నీళ్ళు చిమ్మి, బ్లేడుతో అంచు లేపి అద్దం ఫిల్ముని ఒలిచేసింది. పొడిగుడ్డతో గాజు తుడిచింది. అక్క రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుంది. మొదటిసారి అడగని మాట అప్పుడడిగింది.

"ఎవరి కంట పడకూడదు?"

అక్క వేలు మడిచింది. "పైనున్న మేష్టారి కంట."

"ఇంకా?"

"ఇంకెవరూ లేరు."

ఇంతలో పిల్ల గుడ్లు తెచ్చింది. ఒకటి దార్లోనే పగిలింది. పిన్ని పిల్లని కిటికీ దగ్గర నిటారుగా నిలబెట్టి, మైనపు పెన్సిలుతో గాజు మీద కంటి ఎత్తున గీత గీసింది. "మునివేళ్ళ మీద లేవకు, దొంగా" అని తలమీద చిన్నగా తట్టింది. ఆ గీతకి పైన అంతా మసక, కింద అంతా మసక. మధ్యలో నాలుగు వేళ్ళ వెడల్పున, కిటికీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒట్టి గాజు వదిలేసింది. పైనుంచి చూసే మేష్టారికి ఆ సందులోంచి నేల మీది బండలు తప్ప ఏమీ కనపడవు.

"పెరుగుతుందిగా ఇది. రేపు కళ్ళు మసక వెనక్కి పోతాయి" అంది అక్క.

"పెరిగితే వచ్చి జరుపుతా."

"ఏడాదికోసారా?"

"ఈ వయసులో ఆర్నెల్లకోసారైనా జరపాలి."

"బాగుంది నీ బేరం" అని అక్క నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, పిచ్చుక పరుగెత్తి తల్లికి మంచినీళ్ళు తెచ్చింది. చెల్లెలు లేవబోయి ఆగి, ఆ గ్లాసు పిల్ల చేతిలోంచి తల్లి చేతిలోకి వెళ్ళడం చూసింది.

ఆ సాయంత్రం మసకమ్మ లైటు వేసింది. పన్నెండు రోజుల తర్వాత ఆ గదిలో వెలుతురు పడేసరికి మూలల్లో దుమ్ము కూడా కనబడింది. ఎదుట మసక వెనక ఒక చిన్న నీడ కదిలి, సందులో రెండు కళ్ళు వాలాయి. కళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా అవి నవ్వుతున్నాయని తెలుస్తూనే ఉంది. ఒక దువ్వెన సందులో ఈ చివర నుంచి ఆ చివరికి పడవలా పోయింది. పిన్ని కూడా దువ్వెన ఎత్తింది. కాసేపటికి లోపల ఎవరో పిలిచినట్టున్నారు. కళ్ళు అటు తిరిగాయి, వెంటనే వెళ్ళిపోయాయి. ఇంతకుముందు నాలుగుసార్లు పిలిస్తే గానీ వెళ్ళేవి కావు.

మంచిదే కదా అనుకుంది. అక్క కోరుకున్నదీ, తను ఎనిమిదేళ్ళు దిద్ది దిద్ది నేర్పిందీ అదేగా. ఆర్నెల్లకోసారి ఆ సందు వేలెడు పైకి జరుగుతుంది. ఇలా జరుగుతూ జరుగుతూ ఒకనాటికి పిల్లకి కిటికీ దగ్గరికి రావాలనే అనిపించదు. ఆ రోజు కూడా వస్తుంది. మసకమ్మ కంచంలో అన్నం పెట్టుకుని కిటికీవైపు తిరిగి కూర్చుంది.

రెండు ముద్దలు తిన్నాక తలెత్తితే, సందులో మళ్ళీ కళ్ళున్నాయి. పిచ్చుకవి కావు. వాటి కింద నల్లటి చారలున్నాయి. రెప్పలు నెమ్మదిగా పడుతున్నాయి. మసక వెనక నీడ పొడుగ్గా ఉండి, నడుం దగ్గర వంగి ఉంది. పిల్ల ఎత్తున వదిలిన సందులోంచి చూడాలంటే పెద్దవాళ్ళెవరైనా అలా వంగాల్సిందే.

మసకమ్మ ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని ఎడమచెయ్యి ఎత్తింది. ఆ కళ్ళు అక్కణ్ణుంచి కదల్లేదు. వంగి నిలబడితే అక్కకి ఆయాసం వస్తుందని తెలుసు. తెలిసి కూడా, ఇంకాసేపు ఉండక్కా అని మనసులో వేడుకుంది.